తన పేరు దాచుకున్న దండోరావాడు

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. వెనకాల ఆ గుసగుసలు ఆపి, కాళ్లు మడుచుకుని కూర్చోండి.

అనగనగా రెండు కొండల నడుమ ఓ చిన్న రాజ్యం. రాజుగారుండే ఊరి చివర తాటాకు పాకలో కొందరు పేదలు చేరి, ఏసుప్రభువుకు మోకరిల్లి ప్రార్థన చేసుకునేవారు. "నా ముందు వంగాల్సిన మోకాళ్లు ఇంకొకరి ముందు వంగుతాయా?" అని రాజు మండిపడ్డాడు. వాళ్లను వెలివేయమన్నాడు.

వెలి అంటే తెలుసా? వాళ్లకు ఎవరూ నీళ్లివ్వకూడదు, నిప్పివ్వకూడదు. వాళ్ల చేతి నీళ్లు తాగకూడదు. వాళ్ల మాట చెవిన పెట్టకూడదు.

ఈ ఆజ్ఞ చాటే పని దండోరా జకరయ్యది. రాజుగారి కాపలావాడు తలారి వచ్చి, "నీ ఇల్లు ఆ పాక పక్కనేగా. అక్కడికి ఎవరెవరు పోతారో నీకు తెలుసు. మూడు వీధుల్లోనూ పేరుపేరునా చాటు" అన్నాడు.

జకరయ్య తల వంచుకుని డప్పు తగిలించుకున్నాడు. ఆ పాకలో ప్రతి ఆదివారం పాటలకు డప్పు వాయించేది అతనే మరి.

మొదటి వీధిలో డప్పు మోగించాడు. "సువార్తమ్మ వెలి. కరుణయ్య వెలి. దీనమ్మ వెలి..." అందరి పేర్లూ చెప్పాడు. తన పేరు మాత్రం మింగేశాడు.

రెండో వీధిలో అటుకులు దంచే గంగులమ్మ రోకలి ఆపింది.

"ఏం జకరయ్యా, అందర్నీ చెప్పావు. మొన్నటిదాకా నువ్వూ ఆ పాకలోనే ఉన్నావుగా?"

"పండగనాడు పెట్టే కూటి కోసం పోయేవాణ్ణి వదినా. వాళ్ల దేవుడితో నాకేం పని?"

వీధంతా నవ్వింది. జకరయ్యా నవ్వాడు. నవ్వాక ఎవరి మొహమూ చూడలేక, డప్పు వంకే చూస్తూ నడిచాడు.

మూడోది పాక ఉన్న వీధి. వేడుక చూడ్డానికి గంగులమ్మతో సహా జనం వెంట వచ్చారు, తలారీ వచ్చాడు. లోపల ముసలి సువార్తమ్మ, "తండ్రీ, రాజుగారి మనసుకు నెమ్మదినివ్వు" అని ప్రార్థిస్తోంది. జకరయ్యకు నోరెండిపోయింది. "పిన్నమ్మా, కాసిని నీళ్లు" అన్నాడు అలవాటుగా.

ఆమె చెంబు తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది.

"నా చేతి నీళ్లు తాగితే నిన్నూ వెలేస్తారు నాయనా. చాటింపులో నీ పేరు రాలేదని విన్నాం. పోనీలే, పిల్లలున్నవాడివి, నువ్వైనా చల్లగా ఉండు. అరుగు మీద పెడతాను, నేను లోపలికెళ్లాక తాగు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేవాడే. లేదు గనకే జకరయ్య సిగ్గుతో చితికిపోయాడు.

చెంబు ఆమె చేతిలోంచే అందుకుని, అందరూ చూస్తుండగా తాగాడు. డప్పు మోగించాడు.

"జకరయ్య వెలి. అందరికంటే ముందు చెప్పాల్సిన పేరు ఇదే. కూటి కోసం పోయానన్నది అబద్ధం. నేనూ ఈ ప్రభువుకే మోకరిల్లాను."

గంగులమ్మ ముందుకొచ్చింది.

"తలారి బాబూ, వెలివాళ్ల మాట వినకూడదన్నారు. ఇందాకటి నుంచీ చాటింది వెలివాడే. మరి ఈ చాటింపు మేం విన్నట్టా, విననట్టా?"

తలారి బుర్ర గోక్కుంటూ రాజు దగ్గరికి పరుగెత్తి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ముసలమ్మ ప్రార్థన కూడా చెప్పాడు.

"నేను నీళ్లు లేకుండా చేయబోతే, ఆమె నాకు నెమ్మది కోరిందా?" అని రాజు తల దించుకున్నాడు. "ఇంకో దండోరావాణ్ణి పిలవద్దు. వాళ్ల ప్రార్థన వాళ్లను చేసుకోనివ్వండి" అన్నాడు.

ఆదివారం జకరయ్య పాక దాకా వచ్చి, అడుగు పడక గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అడ్డంగా నిలబడితే లోపలికి గాలెలా వస్తుంది? రా, కూర్చో" అంది సువార్తమ్మ.

అతను వెనక వరసలో మోకరిల్లాడు. ఆ రోజు ప్రార్థనకు ఒక్క మాటా రాలేదు. కన్నీళ్లే వచ్చాయి.

చూశారా పిల్లలూ, భయపడి దేవుణ్ణి కాదన్నవాడికి సిగ్గు తప్పదు. ఆ సిగ్గుతోనే తిరిగొచ్చి నిజం ఒప్పుకున్నవాడికి చోటూ తప్పదు. ఇక లేవండి, ఇంటికెళ్లి వేడివేడిగా అన్నం తినండి.