తూగుమొద్దు మీద రాళ్ళు

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, కొండముచ్చులు, ఒక ముసలి ఎలుగుబంటి, నోరు ఊరుకోని ఒక ముళ్ళపంది ఉండేవి. ఒక నక్క కూడా ఉండేది. నక్క లేని అడవి ఎక్కడుంది?

ఒకప్పుడు ఆ అడవికి ఏటి అవతలి నుంచి రేచుకుక్కలు వచ్చాయి. అవి ఎర్రగా ఉంటాయి, మందగా తిరుగుతాయి, ఈల వేసి మాట్లాడుకుంటాయి. "ఎండగా ఉంది, ఒక్క పూట నీడన కూర్చుని పోతాం" అన్నాయి. పాపమని జంతువులు చోటిచ్చాయి. ఆ ఒక్క పూట మూడు తరాలు సాగింది.

రేచుకుక్కలు ఊరికే కూర్చోలేదు. అడవి మధ్య నుంచి తమ గుహ దాకా రాళ్ళు పరిపించి బాట వేయించాయి. నక్కలకు ఈల నేర్పాయి. ప్రతి పున్నమికీ ఒక ఇంటికి వంతు పెట్టాయి. వంతు వచ్చిన ఇంట్లోంచి ఒకరు ఆ బాట వెంట గుహకు నడిచి వెళ్ళాలి. వెళ్ళడానికి బాట చాలా సుఖంగా ఉండేది. తిరిగి రావడానికి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

తర్వాత రేచుకుక్కలకు ఏటి అవతల ఇంకో మందతో పోట్లాట వచ్చింది. కరిచీ కరిపించుకునీ నీరసపడిపోయాయి. "మీకు స్వేచ్ఛ ఇస్తున్నాం" అని చెప్పి వెళ్ళిపోయాయి.

కొన్నాళ్ళకు ఒంట్లో కాస్త బలం రాగానే నక్కతో కబురు పంపాయి. "మా ఏలుబడిలో మీకు మంచి ఎక్కువ జరిగిందా, చెడు ఎక్కువ జరిగిందా? మీరే తూచి చెప్పండి. మంచే ఎక్కువైతే, మీ కోసం మళ్ళీ వచ్చి కష్టపడతాం."

ఆ కబురు విని దుప్పి మేత మానేసింది. దాని పెద్దపిల్ల ఆ బాట వెంటే వెళ్ళింది. ఇప్పుడు కొత్త పిల్ల పొట్ట కింద దూరి పాలు తాగుతోంది. రేచుకుక్కలు వెళ్ళిపోయేనాటికి మళ్ళీ వంతు వచ్చి ఆగింది దుప్పి ఇంటి దగ్గరే. అవి తిరిగొస్తే మొదలయ్యేదీ అక్కడి నుంచే.

ఇప్పలకోనలో తగువు తీర్చడానికి ఒక పద్ధతి ఉంది. బండరాయి మీద అడ్డంగా పడి ఉన్న పెద్ద మద్దిమాను ఒకటుంది. దాన్ని తూగుమొద్దు అంటారు. ఔనన్నవాళ్ళు ఒక కొసన, కాదన్నవాళ్ళు ఇంకో కొసన ఎక్కాలి. ఏ కొస నేలకు తగిలితే ఆ మాటే నెగ్గినట్టు. తీర్పు చెప్పేది ముసలి ఎలుగుబంటి. అందుకు అది పెద్దగా ఏమీ చెయ్యక్కర్లేదు, మేలుకుని ఉంటే చాలు. దానికి అదే కష్టం.

తూచే రోజు నక్క తోక దువ్వుకుని వచ్చింది. రాగానే ఒక ఈల వేసింది.

"ఏమిట్రా అది?" అంది ముళ్ళపంది.

"సభకు నమస్కారం అన్నాను పెద్దమ్మా. నీకు ఈల రాదుగా, పాపం."

"నీకు ఊళ వచ్చా?"

నక్క గొంతు సవరించుకుంది. మోర ఎత్తింది. తుస్సుమని గాలి వచ్చింది. కొండముచ్చులు కొమ్మలు పట్టుకుని పడీపడీ నవ్వాయి.

"నవ్వండి, నవ్వండి," అంది నక్క. "రేచుదొరలు రాకముందు మీ బతుకేమిటి? ముళ్ళలో పడి తిరిగేవారు. బాట వేసిందెవరు? మనలో మనం కొమ్ములు విరగ్గొట్టుకుంటుంటే ఆపిందెవరు?"

"ఆపారు నాయనా," అంది ముళ్ళపంది. "కొమ్ములున్నవాళ్ళను తినేశాక ఇంక కొట్లాట ఎక్కడిది?"

అడవిపంది గుర్రుమంది. అది అబద్ధమాడే రకం కాదు. "పెద్దమ్మా, నువ్వెన్నన్నా అను, బాట మాత్రం బాగుంది. నా పొట్టకు పల్లేరుకాయలు గుచ్చుకోవడం లేదు. వాగుకు పోవాలంటే గుహ దాకా పోయి చుట్టూ తిరిగి రావాలి, అది నిజమే. అయినా బాట బాటే."

"బాగుంది కాబట్టే నేనూ దాని మీద నడిచొచ్చాను. బాగున్నదాన్ని బాగుందనడానికి నాకేం రోగం?" అంది ముళ్ళపంది.

ఎలుగుబంటి ఒక కన్ను తెరిచింది. "మాటలు చాలు. ఎక్కండి."

మంచే జరిగిందన్న కొసకు నక్క ఎక్కింది. రేచుకుక్కలు వదిలిన ఎంగిలి తిని తిని దాని పొట్ట నేల రాస్తూ ఉండేది. దాని పక్కన అడవిపంది ఎక్కింది. చెడు జరిగిందన్న కొసకు దుప్పి, కుందేళ్ళు, కొండముచ్చులు, ముళ్ళపంది ఎక్కాయి. రాళ్ళు మోసి మోసి ఎండిపోయిన ఒళ్ళు అవి. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేట్టున్నాయి.

నక్క కొస దభీమని నేలకు తగిలింది. దుప్పి బృందం గాల్లో వేలాడింది.

"చూశారా!" అని నక్క ఈల వేసింది. "తూకం అబద్ధమాడదు. దొరలకు కబురు పెట్టేస్తున్నా."

దుప్పి కిందికి చూసింది. తల్లి పైకి ఎందుకు పోయిందో తెలియక పిల్ల తోక ఆడిస్తూ నిలబడింది.

"పెద్దమ్మా," అంది దుప్పి మెల్లగా, "మా పెద్దది ఉంటే ఈ కొసకు కాస్త బరువుండేది కదా."

ముళ్ళపంది ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. పక్కనున్న కుందేలు "అబ్బా!" అని జరిగింది.

"ఎలుగు తాతా, నిద్రపోకు!" అని అరిచింది ముళ్ళపంది. "ఈ కొసకు ఎక్కాల్సినవాళ్ళు ఇంకా రాలేదు."

"ఎవరు?"

"వంతుకు పోయినవాళ్ళు. రాళ్ళ కింద నలిగినవాళ్ళు."

నక్క పకపకా నవ్వింది. "పోయినవాళ్ళు ఎలా ఎక్కుతారు పెద్దమ్మా? ఎక్కినవాళ్ళ బరువే బరువు. పద్ధతి అంటే పద్ధతే."

"ఎంత చక్కటి తూకంరా నీది! తిని బలిసినవాణ్ణి ఎక్కించుకుని, తినబడ్డవాళ్ళను రాలేదంటావా?"

ఎలుగుబంటి బుర్ర గోక్కుంది. "నిజమే. కానీ లేనివాళ్ళ బరువు ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"ఈ నక్క పొగుడుతున్న బాటలోంచి," అంది ముళ్ళపంది. "ఆ రాళ్ళు ఆకాశం నుంచి రాలలేదు. ఒక్క రేచుకుక్కయినా నోట రాయి కరుచుకుని మొయ్యగా నేను చూడలేదు. మోసింది మనవాళ్ళు. ఎవరు మోసిన రాయి ఏదో వాళ్ళ ఇంటివాళ్ళకు తెలుసు. మోసినవాళ్ళు లేకపోతే వాళ్ళ రాయి ఎక్కుతుంది. కాదనమను!"

ఎలుగుబంటి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందని అంతా అనుకున్నారు. "ఎక్కనివ్వండి," అంది కాసేపటికి.

దుప్పి కిందికి దూకి, నుదుటితో నెట్టుకుంటూ ఒక చిన్న రాయి తెచ్చింది. "మా పెద్దది ఇలాగే నెట్టింది," అంది. కుందేళ్ళన్నీ కలిసి ఒక రాయి దొర్లించుకొచ్చాయి. "మా మామయ్యది. దీని కిందే పోయాడు." కొండముచ్చులు ఒక్కో రాయినీ అందుకుని మొద్దు మీదికి చేర్చాయి. ఒక్కటీ నవ్వలేదు. ఆ అడవిలో కొండముచ్చులు నవ్వకుండా పని చేయడం అదే మొదలు.

మొద్దు మీద రాళ్ళు పెరిగాయి. బాటకు గుంటలు పడ్డాయి.

"అయ్యో నా బాట! బంగారంలాంటి బాట!" అని నక్క గుండెలు బాదుకుంది. దిగి అడ్డుపడదామంటే తన బరువు పోయి కొస పైకి లేచిపోతుంది. అందుకని కూర్చున్నచోటే ఏడ్చింది.

మొద్దు కిర్రుమంది. అడవిపంది రాళ్ళకేసి తేరిపార చూస్తోంది. ఒక పెద్ద రాయి మీద లోతైన గీత ఉంది.

"అది మా నాయన కోర గీత," అంది అడవిపంది. "ఆ రాయి పెకలిస్తూనే కోర విరిగింది." ఆ రాయి వైపు ముట్టె చాచింది. "బాట బాగుంది. అన్న మాట వెనక్కి తీసుకోను. కానీ మా నాయన అటుంటే నేనిటు కూర్చోలేను."

"దిగకు బావా! పోనీ నెమ్మదిగా దిగు!" అంది నక్క.

అడవిపందికి నెమ్మది తెలియదు. ఒక్క దూకు దూకింది.

రాళ్ళ కొస ధనామని నేలకు దిగింది. నక్క కొస అంత జోరుగానూ పైకి లేచింది. మొద్దు ఆగింది గానీ నక్క ఆగలేదు. ఇప్పచెట్టు చిటారుకొమ్మ దాటి పోయింది. పోతూ పోతూ ఈల వేసింది. ఈల రానివాళ్ళకు కూడా దాని అర్థం తెలిసింది. పోయి పోయి దూలగొండి పొదలో పడింది. ఆ నూగు ఒంటికి అంటితే ఎలుగుబంటికైనా నిద్ర పట్టదు. నక్క గీరుకుంది, దొర్లింది, చెట్టుకు ఒళ్ళు రుద్దుకుంది. చివరికి మోర ఎత్తి ఊళ వేసింది. కల్తీ లేని ఊళ, దాని తాతల నాటిది.

"వచ్చిందే!" అంది ముళ్ళపంది. "మర్చిపోయావేమోనని బెంగపడ్డాను."

ఆ ఊళ ఏటి అవతలికి వినిపించింది. రేచుకుక్కలు మొహాలు చూసుకున్నాయి. "మనవాడే ఈల మానేశాడంటే ఇంక అక్కడ మన పప్పులుడకవు" అనుకుని మళ్ళీ ఇటు తొంగి చూడలేదు.

మర్నాడు ఆ రాళ్ళను ఏటిలో పారేద్దామని కుందేళ్ళు అన్నాయి.

"ఎందుకు పారేయడం? మనవాళ్ళు మోసినవి," అంది దుప్పి.

అందరూ కలిసి ఆ రాళ్ళతోనే బాటను వాగు వైపు తిప్పారు. నక్క కూడా గీరుకుంటూ రెండు రాళ్ళు మోసింది. దాని వెనక ముళ్ళపంది నడిచింది కాబట్టి అది ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం దుప్పిపిల్ల ఆ బాట మీద గంతులేస్తూ నీళ్ళకు వెళ్ళింది. కడుపునిండా తాగి, అదే బాట మీద తిరిగి వచ్చింది.

నీతి: ఒకరి ఏలుబడి మంచిదా చెడ్డదా అని తూచేటప్పుడు మిగిలి బలిసినవాళ్ళ బరువొక్కటే వేయకూడదు, లేకుండా పోయినవాళ్ళ బరువు కూడా వేయాలి. బాట బాగుంటే బాగుందనే చెప్పండి. రాళ్ళు ఎవరు మోశారో కూడా చెప్పండి.