గోడకు నేర్పిన మనవి

అద్దంకోట జమీందారుగారు పక్క సంస్థానంలో వాడేసిన మోటారుకారు కొన్న రోజుల మాట. ముందుకైతే మహారాజులా నడిపేవారు. వెనక్కి తిప్పితే మాత్రం, బండ్లు చేసే పైడయ్య ఇంటి గోడను గుద్దేసేవారు.

ఒకనాడు కారు వెనకభాగం బాగా సొట్టపోయింది. జమీందారు మండిపడ్డారు. "నీ గోడ మా కారుకు అడ్డొస్తోందిరా. రేపు పడగొట్టించేస్తాను!"

గోడ పోతే ఇల్లే కూలుతుంది. పైడయ్య ఆ సాయంత్రమే దివాణం షెడ్డుకు వెళ్లి, కారు వెనక్కి పొడుచుకొచ్చేలా ఒక వెదురుబద్ద బిగించి, దానికి తన ఎద్దు మెడలోని మువ్వలు కట్టాడు.

మర్నాడు కారు వెనక్కి వస్తుంటే బద్ద గోడకు తగిలి మువ్వలు ఘల్లుమన్నాయి. జమీందారు ఠక్కున బ్రేకు తొక్కారు. గోడకు జానెడు దూరంలో కారు ఆగింది.

"ఏమిట్రా ఇది? మాకు నడపడం రాదనా?"

"ఎంతమాట బాబూ! తమరొస్తుంటే పక్కకు తప్పుకోవడం గోడకే రాదు. అందుకే ఆగమని మనవి చేసుకోవడం నేర్పాను."

జమీందారు మీసం చాటున నవ్వుకుని, "మనవి చేసుకుంది కనక బతికిపోయింది" అన్నారు.

ఇప్పుడు ఆ బాబుగారూ లేరు, ఆ కారూ లేదు. వీధిలో మువ్వలు వినబడితే ముసలి పైడయ్య గోడ మీద చెయ్యేసి, "భయపడకే, బాబుగారు కాదులే" అంటాడు. అన్నాక మాత్రం కాసేపు వీధి చివరికే చూస్తూ ఉండిపోతాడు.