కదలని ముల్లు

శృంగవరపుకోటలో సన్యాసయ్య మేస్త్రికి ఒక నియమం ఉండేది. ఏ కారు వచ్చినా ముందు చల్లారిన ఇంజన్ మీద చెయ్యి వేసి, ఆ తరువాతే తాళం తిప్పి మీటర్లు చూసేవాడు. ఆరేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న గౌరినాయుడు, ముప్పై దాటినవాడు, ఒక ఉదయం అడిగాడు: "మేస్త్రిగారూ, మనిషిని భయపెట్టేదాన్ని తీసేస్తే భయం పోయినట్టే కదా?"

మేస్త్రి అప్పుడు జగ్గరాజుగారి పాత స్పోర్ట్స్ కారు దగ్గర ఉన్నాడు. ఇంజన్ మీద చెయ్యి వేశాడు. నిన్నటి నుంచి కదలని బండి. ఇంజన్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే, అడుగునే ఉండాల్సిన వేడి చూపే ముల్లు లేచి సరిగ్గా మధ్యలో నిలిచింది. ఆయన రెండు డబ్బాల నీళ్లు కారులో పెట్టించి, ఘాట్ రోడ్డు ఎక్కించి చూద్దామన్నాడు.

జగ్గరాజుగారే నడిపారు. పక్కన మేస్త్రి, వెనక ఇరుకు సీటులో గౌరినాయుడు. మర్నాడు మనవరాలు హైమను ఇదే కారులో కొండమీదికి తీసుకువెళ్తానని రాజుగారు సంబరంగా చెబుతున్నారు.

"ఈ ముల్లు మూడుసార్లు ఎర్రగీత దాకా పోయి నన్ను హడలగొట్టింది. మీవాడి చెయ్యి పడ్డాక బుద్ధిగా కూర్చుంది," అని మీటరు అద్దాన్ని వేలితో తట్టారు.

గౌరినాయుడు నవ్వలేదు. పాత కారు కదా, మీటరే చెడి ఉంటుందని నిన్న అతను ఏదీ పరీక్షించకుండా తేల్చేశాడు. ఇంజన్ నుంచి మీటరుకు వచ్చే తీగ తెంపి, దాని బదులు చిన్న రెసిస్టర్ ముక్క కట్టాడు. ఇక ఇంజన్ ఉడికిపోయినా ముల్లు మధ్యలోనే ఉంటుంది. ఆ సంగతి తనకొక్కడికే తెలుసనుకున్నాడు.

నాలుగో మలుపులో వేడెక్కిన రబ్బరు వాసన సన్నగా తగిలింది. ఎడమవైపు లోయ. ముల్లు కదలలేదు. రాజుగారు హైమ ముచ్చట్లే చెబుతున్నారు. మేస్త్రి వెనక్కి తిరగలేదు. అయిదో మలుపు దాటాక గౌరినాయుడు ముందుకు వంగాడు.

"ఆపండి రాజుగారూ. ఆ ముల్లు అబద్ధం. నేనే కట్టాను."

మేస్త్రి రాజుగారిని దూరంగా ఉండమని, గుడ్డ పట్టుకుని బానెట్ ఎత్తాడు. ఆవిరి గుప్పుమంది. నీటి గొట్టం చీలి ఉంది. రాజుగారు మనవరాలి పేరు ఒకసారి పైకి అని, రోడ్డు పక్క రాతి మీద కూర్చుండిపోయారు.

ఇంజన్ చల్లారేదాకా ఆగారు. మేస్త్రి చీలిక మీద గట్టిగా గుడ్డ చుట్టి, నీళ్లు పొయ్యమన్నాడు. గౌరినాయుడు వంచిన డబ్బా నుంచి సగం నీళ్లు పక్కకే పోయాయి.

"చేతుల వణుకు తగ్గడం లేదు మేస్త్రిగారూ."

"వణకనీ," అన్నాడు సన్యాసయ్య. "నీలోని ముల్లు అది. దాని తీగ మాత్రం తెంపుకోకు."