గున్నమ్మకు ఏ ఫోను?

కూర్మారావుకి మూడు వారాలుగా మనసు ఒక చోట నిలవడం లేదు. కళ్ళు మూసుకుంటే ఫోన్లు కనిపిస్తున్నాయి.

అతని భార్య గున్నమ్మ వాడే పాత బొత్తాల ఫోను నీళ్ళ తొట్టిలో పడి పాడైంది. కూర్మారావు టెక్కలి అవతల ఒక రాతి క్వారీలో యంత్రం నడుపుతాడు. శనివారం సాయంత్రం ఇంటికొస్తాడు, సోమవారం తెల్లారకుండా వెళ్ళిపోతాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది గున్నమ్మా, ఐదేళ్ళ కూతురు ధరణీ. ధరణికి మూర్ఛలొస్తాయి. ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు.

ఫోను పాడైన వారంలోనే ఒకసారి మూర్ఛ వచ్చింది. గున్నమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. కూర్మారావుకి ఆ సంగతి శనివారం ఇల్లు చేరాక తెలిసింది. ఆ పూట కంచం ముందు కూర్చున్నాడు. ఈసారి కొనేది మామూలు ఫోను కాకూడదని అక్కడే నిర్ణయించుకున్నాడు. పిల్లకి ఏమైనా అయితే గున్నమ్మ ఆ క్షణమే పిలవాలి. తను తెర మీద పిల్లను చూడాలి. ఏ మందు ఎంత వెయ్యాలో చెప్పాలి.

అందుకని పోల్చడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు ఫోన్లు. ఒక నోటుపుస్తకం కొని గళ్ళు గీశాడు. ఎండలో తెర కనబడుతుందా, కరెంటు పోతే ఎన్ని గంటలు నిలుస్తుంది, చేతిలోంచి జారితే పగులుతుందా, సిగ్నలు లేని చోట ఎలా ఉంటుంది. క్వారీలో తిండి వేళ తోటివాళ్ళు చెట్టు కింద ఒరిగితే, అతను దుమ్ము కళ్ళతో వీడియోలు చూసేవాడు. వీడియోలో ఒకడు ఇది కొనకపోతే బతుకే వృథా అంటాడు. మర్నాడు వాడే, ఇది కొన్నవాడి బతుకు వృథా అంటాడు.

దీనికి ఎంచుకునే స్వేచ్ఛ అని పేరు పెట్టారు. పగలంతా రాయి తవ్వినవాడి చేత సాయంత్రం కూడా చాకిరీ చేయించే స్వేచ్ఛ.

మూడు వారాలకు ఇరవై రెండూ రెండయ్యాయి. ఆ రెండింటి దగ్గర కూర్మారావు ఆగిపోయాడు. ఇంకోపక్క గున్నమ్మకు ఫోను లేని రోజులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి.

వాళ్ళ ఊళ్ళో దాలయ్య గురువు ఉన్నాడు. పలాస చుట్టుపక్కల ఊళ్ళలో అచల బోధ చెప్పే పెద్దల్లో ఒకడు. గుడి లేదు, బొమ్మ లేదు, పూజ లేదు. వృత్తికి వడ్రంగి. ఆదివారం పొద్దున ఆయన పాకలో పదిమంది చేరతారు. తంబురా మీద రెండు తత్వాలు పాడుకుంటారు, ఉన్నది పంచుకు తింటారు, ఎవరి పనికి వాళ్ళు పోతారు. కూర్మారావు ఆయన దగ్గర ఉపదేశం తీసుకుని నాలుగేళ్ళయింది.

ఆ ఆదివారం పాటలయ్యాక అతను లేవలేదు.

"గురువుగారూ, మనసు నిలవడం నేదు."

"ఎక్కడ నిలవడం నేదు?"

"రెండు ఫోన్ల మధ్య."

పక్కన ఆకు నములుతున్న ఎర్రమ్మ పకపకా నవ్వింది. ఆమె గురువు కంటే రెండేళ్ళు పెద్దది. ఎవరికీ జంకదు. "మా ముసిలోడికి ఇద్దరు ఆడోళ్ళ మధ్య నిలిసేది కాదు బాబూ. దాని మీద నీదే నయం."

గురువు చెక్కకి చిత్రిక పడుతూనే, "సదువు" అన్నాడు.

కూర్మారావు పుస్తకం తెరిచాడు. ఒకదాంట్లో కెమెరా మేలు, రెండోదాంట్లో బ్యాటరీ మేలు. ఒకటి ఇరవై గ్రాములు తేలిక. ఇంకోటి తడిసినా బతుకుతుంది. వేలు తగలగానే ఏది ఎంత వేగంగా పలుకుతుందో దానికీ ఒక గడి ఉంది. చదువుతుంటే అతని గొంతే అతనికి విసుగ్గా వినిపించింది.

మధ్యలో ఒక కోడలుపిల్ల పిడి విరిగిన కొడవలి పట్టుకుని వచ్చింది. "తాతా, దీనికి పిడెయ్యాల."

"ఎవరిది?"

"మా అత్తది."

"మీ అత్తని రమ్మను."

"ఆ ముసలామె ఇంత దూరం ఎలగొస్తాది తాతా? పాత పిడి ఇదుగో, దీన్ని సూసి సెయ్యరాదా?"

"పాత పిడి పాత సేతిది. మొన్న ఆమెకి బొటనేలు వాసిందన్నారు. ఎలా పడతందో నాకేటి తెలుసు?"

ఆ పిల్ల గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. కూర్మారావు వదిలిన చోట నుంచి మళ్ళీ చదవబోయాడు.

ఎర్రమ్మ అడ్డం వచ్చింది. "ఒరే, మాటాడ్డానికే కదేటి? బొత్తాల ఫోను సాలదా?"

కూర్మారావుకి ఒళ్ళు మండింది. కాలేజీలో ఉన్నప్పుడు అతను జెండా పట్టినవాడు, చలికాలం తెల్లవారుజామున గోడల మీద ఎర్ర అక్షరాలు రాసినవాడు.

"ఎందుకు సాలాలి?" అన్నాడు. "మేలైందంతా కలవాడికీ, మిగిలింది లేనివాడికీనా? సృష్టించేది శ్రామికులు, అనుభవించేది సోమరులు. ప్రపంచం తినే జీడిపప్పు వొలిసేది నా భార్య. దాని సేతిలో ఒక మంచి ఫోను ఉంటే ఎవరి సొమ్ము పోయింది?"

గురువు చిత్రిక ఆపి తలెత్తాడు.

"నిజమే" అన్నాడు. "గున్నమ్మ ఏటంటాది?"

"దానికేటి తెలుసు గురువుగారూ? ఏది కొన్నా పర్నేదు మావా అంటాది."

"అయితే వచ్చే ఆదివారం ఆ రెండూ పట్రా. గున్నమ్మనీ పిల్లనీ కూడా."

పలాసలో ఫోన్ల దుకాణం నడిపేవాడు కూర్మారావుతో చదువుకున్నాడు. చూపించడానికి పెట్టిన రెండు ఫోన్లు ఒక పూటకి ఇచ్చాడు. గున్నమ్మ పాత సిమ్ము తీసి మొదటి ఫోనులో వేశారు.

ఆదివారం గున్నమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆరు రోజులు ఫ్యాక్టరీలో కాల్చిన జీడిపిక్కలు పగలగొట్టిన మనిషికి, ఏడో రోజు గోడకి ఆనుకుంటే చాలు కళ్ళు మూతలు పడుతున్నాయి. ధరణి ఆమె ఒడిలోంచి లేచి చెక్కపేళ్ళు ఏరుకుంటోంది.

గురువు మొదటి ఫోనును గున్నమ్మ ముందు పీట మీద పెట్టాడు. తన చొక్కా జేబులోంచి తన ఫోను తీసి నంబరు కలిపాడు. పీట మీది ఫోను వెలిగి, పాడి, వణికింది.

"ఎత్తమ్మా."

తెర మీద ఆకుపచ్చ గుండ్రం. దాన్ని వేలితో పైకి జరపాలి. గున్నమ్మ కొంగుకి వేలు తుడుచుకుని జరిపింది. ఫోను మోగుతూనే ఉంది. మళ్ళీ జరిపింది. గట్టిగా నొక్కి జరిపింది. మోత ఆగిపోయింది.

"అంత గట్టిగా కాదే" అన్నాడు కూర్మారావు. "మెల్లగా. ఇలగ." గురువు రెండోసారి కలపగానే తన వేలితో చూపించాడు. తాకీ తాకకుండానే ఫోను పలికింది.

మూడోసారి గున్నమ్మ మెల్లగా జరిపింది. చూపుడు వేలు, మధ్య వేలు, ఎడమ చెయ్యి. ఫోను మోగి మోగి ఊరుకుంది.

"సేతికేదో అంటుకుని ఉంటాది. ఉండండి, సబ్బెట్టి కడుక్కొస్తాను." వెళ్ళి కడుక్కుని వచ్చింది. చెయ్యి ఆరేదాకా అందరూ ఆగారు. గురువు కలిపాడు. అంతే.

కూర్మారావు రెండో ఫోనులోకి సిమ్ము మార్చాడు. అదీ అంతే. అతను తెర లోపలికి వెళ్ళి స్పర్శ పెంచే మీట వెతికాడు. పెంచాడు. ఐదుసార్లు మోగిస్తే ఒకసారి పట్టింది.

"పట్టింది కదా!" అన్నాడు.

ఆరోసారి పట్టలేదు.

గున్నమ్మ నవ్వడానికి చూసింది. "రేషను కాడా ఇంతే గురువుగారూ. ఆ మిషను మీద నాలుగు తడవలు ఏలు పెట్టించి, నువ్వు నువ్వు కాదంటాది పొమ్మంటారు. అప్పుడు కంటికి కెమేరా పెడతారు. కళ్ళు నావేనట. ఏళ్ళే నావి కావట."

"ఎప్పటి నుంచే?" అన్నాడు కూర్మారావు.

"ఏమో. పిల్ల పుట్టక ముందు నుంచే."

"నాకెందుకు సెప్పనేదు?"

"ఏటి సెప్పను మావా? వారానికోపాలి వస్తావు. వచ్చి నా కోసం ఆ పుస్తకంలో అంత శ్రద్ధగా రాస్తన్నావు. సూస్తంటే బాగుండేది." కొంగు సర్దుకుంది. "మంచి రకం ఫోను కదా, దీనికైనా నా సెయ్యి తెలుస్తాదేమో అనుకున్నాను."

గురువు ఇంకోసారి కలిపాడు. పీట మీద ఫోను మోగింది. గున్నమ్మ చెయ్యి చాపలేదు. చెక్కపేళ్ళు ఏరుకుంటున్న ధరణి ఒక్క ఉరుకున వచ్చి వేలితో గీరింది. ఫోను వెంటనే పలికింది.

"అలో! ఎవరూ?" అంది ధరణి.

"నాను, దాలయ్య తాతని" అన్నాడు గురువు, పిల్లకి రెండడుగుల దూరంలో, తన ఫోను చెవి దగ్గర పెట్టుకుని. "నువ్వెవరు?"

"నాను ధరణిని. మా యమ్మకి ఫోనెత్తడం రాదు. ఏదున్నా నాకు సెప్పు."

పాకంతా నవ్వింది. ఎర్రమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. గున్నమ్మా నవ్వింది. నవ్వుతూనే పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. లాక్కుని, అవసరమైన దానికంటే గట్టిగా పట్టుకుంది.

అది చూసి ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. ఆ ఇంట్లో ఫోను ఎత్తగలిగింది ఆ పిల్ల ఒక్కతే. ఏ పిల్ల కోసం ఫోనో, ఆ పిల్లే.

కూర్మారావు నోటుపుస్తకం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"సూశారా గురువుగారూ! అద్దాల మేడల్లో కూచుని సేస్తారు ఇవి. మెత్తటి ఏళ్ళ కోసం సేస్తారు. పనోళ్ళ రక్తం తాగేశారు, సెమట తాగేశారు, ఆకరికి ఏలిముద్ర కూడా మిగలనివ్వనేదు. సేతులరిగిపోయేదాకా పని సేయించుకుని, ఆ సేతులు మాకు తెలీవంటారు! ఇరవై రెండు ఫోన్లు సూశాను. ఇరవై రెండింట్లో ఒక్కదాంట్లో రాయనేదు, ఇలాటి సెయ్యి ఒకటుంటాదని. ఇది సేసినోడు ఒక్కడైనా, ఒక్కసారైనా, జీడి వొలిసే ఆడమనిషి సెయ్యి సూశాడా?"

అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గురువు పీట మీది ఫోన్లు రెండూ తీసి పక్కన పెట్టాడు. ఎంతో దూరం నడిచి వచ్చినవాడిలా నెమ్మదిగా కూర్చున్నాడు.

"సేసినోడు సూడనేదు నాయినా" అన్నాడు. "నువ్వో?"

కూర్మారావు నోటుపుస్తకం మూశాడు.

బయట ఎవరిదో మేక అరిచింది. ఎర్రమ్మ లేచి, "రా బుల్లీ, మేకని సూద్దాం" అని ధరణి చెయ్యి పట్టుకుని పాక అవతలికి నడిపించుకుపోయింది.

కూర్మారావు భార్య పక్కన కూలబడ్డాడు. ఆమె కుడి చెయ్యి తీసుకుని, వాకిట్లోంచి పడుతున్న ఎండలోకి తిప్పాడు. మునివేళ్ళు నల్లగా, గాజుపెంకుల్లా నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. బొటనవేలి పక్కన తోలు లేచి, కింద ఎర్రగా పచ్చిగా ఉంది.

గున్నమ్మ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"వదులు మావా. నిన్నటి జీడి సమురు ఇంకా పోనేదు. అంటుకుంటే నీకూ పుండవుతాది."

అతను వదల్లేదు.