నవాబు మూతికి చిక్కం

నరసింగయ్యస్వామికి ఓ అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఏదో ఒక పని చెప్పేవారు. కాలక్షేపానికి అడిగినవాళ్లు ఆ పని వినగానే మెల్లగా జారుకునేవారు. శేషశయనం మాత్రం జారుకునే రకం కాదు. పట్నంలో పదిహేడేళ్లు కాలేజీ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పినవాడు. ఎదుటివాడు నీళ్లు నమిలేదాకా వదిలేవాడు కాదు. గుట్టమీది ఆశ్రమంలో చేరి రెండేళ్లయినా ఆ గుణం పిసరంత తగ్గలేదు.

వానలు మొదలైన కొత్తలో ఓ పొద్దున, స్వామి వంగమడిలో కలుపు తీస్తుంటే వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"స్వామీ, ప్రేమ ఉన్నచోట కట్టడి ఎందుకు? ఉపవాసమనీ మౌనమనీ మాకిన్ని నియమాలు పెట్టారు. మామీద మీకెంత ప్రేమో నాకు తెలుసు. ప్రేమించినవాడు కట్లు విప్పాలి గాని, కడతాడా?"

స్వామి గరికను వేళ్లతో సహా పెరికి పక్కన పడేశారు.

"రేపట్నించి నవాబు మూతికి చిక్కం కట్టే పని నీది నాయనా," అన్నారు.

నవాబంటే ఆశ్రమం తట్టుగుర్రం. మనిషి ఛాతీదాకా వచ్చే ఎత్తు, ఒళ్లంతా పొగరు. రోడ్డులేని ఆ గుట్టమీదికి బియ్యం మూటలైనా, గ్యాసు సిలిండరైనా, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలైనా వాడి వీపుమీదే ఎక్కాలి. నిరుడు వానలకు మొలిచిన లేత పచ్చిక ఆబగా మేసి, ముందు గిట్టల్లో వాపు తెచ్చుకుని నలభై రోజులు లేవలేదు. పశువుల డాక్టరు వచ్చి ఖచ్చితంగా చెప్పేశాడు. "ఈ లేతగడ్డి వీడికి విషమే అనుకోండి. ఇంకోసారి గిట్టలు వాచాయంటే వీడు లేవడు. ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే."

అందుకే వంట చేసే మునెమ్మ కిత్తనారతో ఓ చిక్కం అల్లింది. నాగలికి కట్టిన ఎద్దు పైరులో మూతి పెట్టకుండా కడతారే, అలాంటిదే. దీనికి మాత్రం అడుగున చిన్న కంత వదిలింది. నీళ్లు తాగొచ్చు, ఒక్కో పరకే అందుకుని నెమ్మదిగా మేయొచ్చు, కడుపు పగిలేలా తినడం మాత్రం కుదరదు.

ఆ చిక్కం చూస్తే నవాబుకు ఒళ్లు మంట. అబ్బో, వాడి వేషాలు ఒకటా రెండా! మొదటిరోజు రాతిస్తంభానికి చెంప రుద్దిరుద్ది ఊడబెరికాడు. రెండోరోజు చెవుల వెనక తాడు సడలేదాకా తల విదిలించాడు. మూడోరోజు ఆ కంతలోంచే పెదవులు చాపి దొడ్డి గడియ తీసుకుని, చిక్కంతోనే దర్జాగా బయటికి నడిచాడు. శేషశయనానికి తలప్రాణం తోకకొచ్చింది. కాని ఆ మనిషికీ పట్టుదల పెరిగింది. ముడిమీద ముడి కనిపెట్టాడు. గడియకు గొలుసు తగిలించాడు. పొద్దున్నే లేచి "ఏరా నవాబూ, ఇవాళ ఏ ఎత్తు వేస్తావో చూస్తా రా!" అని పందెం కాసినవాడిలా దొడ్డికి ఉరికేవాడు. పదిరోజులు తిరిగేసరికి వాడంటే ప్రాణమైపోయింది. వాడు చిక్కంలోంచి గడ్డిమీద ఉఫ్ ఉఫ్ అని ఊదుతుంటే మాత్రం పాపం చూడలేకపోయేవాడు.

ఇంతలో తొలి ఏకాదశి వచ్చింది. ఆశ్రమమంతా పచ్చిమంచినీళ్లతో ఉపవాసం. మర్నాడు ద్వాదశి పారణ. అక్కడో ఆచారముంది, ఉపవాసమున్నవాడు తాను తినేముందు తన చేత్తో మరో నోటికి ముద్ద పెట్టాలి. కొందరు కాకికి పెట్టేవారు, కొందరు కుక్కకు. ద్వాదశి పొద్దున మునెమ్మ పులిహోర తాలింపు వేస్తుంటే ఆ వాసనకు శేషశయనం కడుపులో పేగులు అరిచాయి. కళ్లు తిరుగుతున్నాయి. ఎదురుగా నవాబు, మూతికి చిక్కంతో, పచ్చిక వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

'నాది ఒక్కరోజు ఉపవాసం. వీడికి రోజూ ఏకాదశే! ముద్ద పెట్టాల్సిన నోరు ఇదిగాక ఇంకేముంది?' అనుకున్నాడు. గుండె కరిగి నీరైపోయింది. గుప్పెడు, ఒక్క గుప్పెడు లేతగడ్డి కోసుకొచ్చి, చిక్కం విప్పి, నోటికందించాడు. అతని కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

నవాబు కళ్లల్లో మాత్రం ఏమీ తిరగలేదు. గుప్పెడు గడ్డి చప్పరించాడు, అతణ్ణి భుజంతో ఒక్క తోపు తోశాడు, గొలుసు తగిలించని తలుపులోంచి దూసుకుపోయాడు! ఇంకేముంది, ఆశ్రమం గోడ దూకడం, గుట్ట దిగడం, కింద వాగొడ్డున మోకాలెత్తు మొలిచిన పచ్చికలో తల ముంచడం, అన్నీ రెప్పపాటులో జరిగిపోయాయి.

"అయ్యో నవాబు! పట్టుకోండి, పట్టుకోండి!"

శేషశయనం పై ప్రాణాలు పైనే పోయాయి. పంచె ఎగగట్టి, చిక్కం చేతబట్టి, రాళ్లనక ముళ్లనక పరుగెత్తాడు. దగ్గరికెళ్తే నవాబు పది బారలు అవతలికి పోయేవాడు, మళ్లీ మేసేవాడు. "నా తండ్రి కదూ, రారా" అని బతిమాలాడు. "ఛీ, చస్తావురా వెధవా" అని తిట్టాడు. బురదలో రెండుసార్లు బోర్లా పడ్డాడు. వాడు కొరికే ప్రతి కొరుకూ తన గుండెలో కొరికినట్టే ఉంది. పైన పారణ వేళ దాటిపోయింది, ఇక్కడ సూర్యుడు బారెడెక్కాడు, వాడి పొట్ట కళ్లముందే ఉబ్బుతోంది.

చివరికి మునెమ్మ దిగొచ్చింది. పరుగు లేదు, అరుపు లేదు. కొంగులోంచి నాలుగు ఉలవలు తీసి, శేషశయనం చేతిలోని చిక్కం లాక్కుని, అడుగున అరచెయ్యి అడ్డం పెట్టి అందులో గలగలలాడించింది. ఆ చప్పుడుకు నవాబు చెవులు నిక్కాయి. రాజుగారిలా నడిచొచ్చి తనంతట తానే మూతి అందులో దూర్చాడు. మునెమ్మ చటుక్కున ముడి వేసేసింది.

"ఏంది సామీ, సదువుకున్నోడివి, ఇట్లాటి పని సేస్తివే!" అంది.

అతను అక్కణ్ణుంచే డాక్టరుకు ఫోను చేశాడు. "వెంటనే వాగులో నిలబెట్టండి. గిట్టలు వేడెక్కకూడదు. నేనొచ్చి సూది వేస్తాను గాని, రెండ్రోజులు నీళ్లలోంచి కదలనివ్వొద్దు. మూడోనాటికి నడిస్తే బతికినట్టు, లేదంటే…" అన్నాడాయన. మిగతాది శేషశయనం వినలేకపోయాడు.

రెండ్రోజులు! మోకాలిలోతు వాగునీళ్లలో నవాబు పక్కనే, వాడి మెడమీద చెయ్యేసి నిలబడ్డాడు. తోటివాళ్లు వంతులేసుకుందాం రమ్మన్నా గట్టెక్కలేదు. గంటకోసారి వంగి గిట్టలు తడిమేవాడు. వెచ్చగా తగిలినట్టనిపిస్తే చాలు, కుండలకొద్దీ నీళ్లు పోసేవాడు. మునెమ్మ తెచ్చి నోటికందించిన రాగిజావ ఎప్పుడు తాగాడో అతనికే తెలియదు.

మూడోనాటి పొద్దున స్వామి వాగుదగ్గరికి వచ్చారు. ఆశ్రమంలోని వాళ్లంతా గట్టుమీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. శేషశయనం పలుపు పట్టుకుని మెల్లగా నవాబును నీళ్లలోంచి రాళ్లదారి మీదికి నడిపించాడు. వాడు ఒక గిట్ట ఆనించాడు. ఆగాడు. ఒక్క క్షణం శేషశయనానికి లోకం ఆగిపోయింది. రెండో గిట్ట ఆనించాడు. ఆపైన సకిలించి, తోక లేపి, పచ్చిక వైపు ఒక్క గెంతు గెంతాడు!

"నడిచాడు! నడవడమేంటి, పరుగెడుతున్నాడు!" గట్టుమీద అందరూ ఒకటే కేకలు. మునెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. శేషశయనం ఏడుస్తూనే, నవ్వుతూనే, పలుపు బిగబట్టి వాణ్ణి ఆపాడు. నీళ్లలో నాని చిక్కం సడలిపోయి ఉంది. దాన్ని విప్పి మళ్లీ కట్టాడు. తాడుకీ చెంపకీ మధ్య రెండువేళ్లు పెట్టి చూశాడు. నార ఒరుసుకుని ఎర్రబడ్డ చోట తన కండువా చింపి మెత్తగా చుట్టాడు. నవాబు ఎప్పట్లాగే తల విదిలించాడు. ముడి సడలలేదు.

అప్పుడు వెళ్లి స్వామి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"నా ప్రేమే వాడి ప్రాణంమీదికి తెచ్చింది స్వామీ."

"ప్రేమా?" అన్నారు స్వామి. "ద్వాదశినాడు చిక్కం విప్పింది నీ ఆకలి నాయనా. ఇవాళ కట్టిందేదో నువ్వే చూసుకో."