కుడివైపు కానుగ చెట్లు

అనగా అనగా, సముద్రానికీ చలికొండకూ నడుమ కుందవరం అనే రాజ్యం ఉండేది. దాన్ని చంద్రకేతు మహారాజు ఏలేవాడు.

ఆ రాజ్యంలో రేవు నుంచి కొండ మీది సంతకు ఒక్కటే బాట. నాలుగు ఆమడల దూరం. ఆ బాట పొడవునా చెట్టన్నదే లేదు. ఉప్పు బస్తాలు మోసేవాళ్లు, గాజుల మలారాలవాళ్లు, పెళ్లికి తరలేవాళ్లు, అందరూ ఆ దారినే నడవాలి. ఒక వేసవిలో ఒకే మధ్యాహ్నం పన్నెండుమంది ఉప్పు మోసేవాళ్లు వడదెబ్బకు నేలకొరిగారు.

రాజు మనసు కలతపడింది. మర్నాడే కొలువు తీర్చి, "బాటకు రెండు వైపులా చెట్లు లేవాలి. ఎవరు పెంచుతారు?" అని అడిగాడు.

రాజోద్యానానికి పెద్దతోటమాలి మకరందుడు లేచాడు. "ఏలినవారి సెలవైతే నేనే పెంచుతాను. నా చేతి మొక్క వాడిన రోజు లేదు" అన్నాడు.

అప్పుడు కొలువు గుమ్మం దగ్గర నిలబడిన ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. ఆమె పేరు పైడమ్మ. ఆ పన్నెండుమందిలో ఆమె భర్త ఎర్రన్న కూడా ఉన్నాడు.

"ప్రభూ, ఒక పక్క నాకివ్వండి" అంది. "మొక్కలు పెంచడం మా పుట్టింటి పని. ఇంకొక ఇంటి దీపం ఆ బాట మీద ఆరిపోకూడదు."

సభలో కొందరు నవ్వారు. రాజు నవ్వలేదు. ఎడమవైపు మకరందుడికి, కుడివైపు పైడమ్మకు అప్పగించాడు.

ఇద్దరూ ముందు తమ తమ నారుమడుల్లో కానుగ గింజలే నాటారు. కానీ పెంచిన తీరు వేరు.

మకరందుడు తాటాకు పందిళ్లు వేయించాడు. పూటకొకసారి నీళ్లు పోయించాడు. మొక్కలు నిగనిగలాడుతూ నడుము ఎత్తు లేచాయి.

పైడమ్మ మొదటి నెల నీడ ఇచ్చింది. రెండో నెల పందిరి మీది ఆకు సగం తీసేసింది. మూడో నెల పందిరే తీసేసింది. నీళ్లు మొదట రోజూ, తరువాత రోజు విడిచి రోజు, ఆపైన మూడు రోజులకొకసారి పోసింది. చలికాలం మంచులో మొక్కల్ని ఆరుబయటే ఉంచింది. అవి మోకాలెత్తు కూడా పెరగలేదు. కానీ వేళ్లు తడిని వెతుక్కుంటూ లోపలికి దిగాయి. కాడలు గట్టిపడ్డాయి.

మకరందుడు చూసి నవ్వాడు. "ఏమమ్మా పైడమ్మా, పసిమొక్కల్ని ఎండలో పడేశావు! నీకు జాలి లేదా?"

"జాలి ఉంది గనకే, అయ్యా. రేపు బాట మీద వీటికి పందిరి ఎవరు వేస్తారు?" అంది పైడమ్మ.

మరుసటి ఏడు తొలకరి పడగానే ఆ మొక్కల్ని తెచ్చి బాటకు రెండు వైపులా నాటారు. వానలకు అన్నీ బాగానే నాటుకున్నాయి.

కార్తికం వచ్చింది. రాజుగారు బాట మీదుగా ఊరేగుతారని కబురు తెలిసింది. మకరందుడు తన మొక్కలకు చేపల ఎరువు వేయించి, నీళ్లు పారించాడు. ప్రతి కొమ్మా లేత చిగుళ్లతో కళకళలాడింది. పైడమ్మ మాత్రం ఎరువు వేయలేదు, నీళ్లు తగ్గించేసింది. ఆమె మొక్కలు పెరగడం ఆపేశాయి. ఆకులు కొన్ని పండిపోయాయి.

ఊరేగింపు చూడవచ్చినవాళ్లు నవ్వారు. "పైడమ్మా, సవతి పిల్లల్ని మాడ్చినట్టు, నీ మొక్కలకు కూడు కూడా పెట్టవా?"

"చలి రాబోతోంది" అంది ఆమె. "ఇప్పుడు లేతకొమ్మ వేస్తే దాన్ని చలి కొరికేస్తుంది. చెట్టు ఆ సంగతి ఎరిగి, తలుపులు మూసుకుంటోంది. నేను అడ్డురాను."

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున బాట పొడవునా గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంది. ఎండ ఎక్కేసరికి ఎడమవైపు చిగుళ్లన్నీ వేడినీళ్లు పోసినట్టు నల్లగా వేలాడాయి. కుడివైపు కొమ్మలు చెక్కుచెదరలేదు. మకరందుడు నల్లబడ్డ మొక్కల్ని పీకించి, తోటలోంచి కొత్తవి తెచ్చి గుట్టుగా నాటించాడు. రాజుకు ఆ సంగతి తెలియలేదు.

ఆ తరువాత వేసవి వచ్చింది. అలాంటి వేసవిని ముసలివాళ్లు కూడా ఎరగరు. కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. వడగాలికి బాట మీద దుమ్ము సెగలు కక్కింది.

మకరందుడు నలభై బళ్ల మీద వాగునీళ్లు తోలించాడు. ఎడమవైపు పచ్చగానే ఉంది. కుడివైపు చెట్లు మొదట ఆకులు ముడుచుకున్నాయి. తరువాత ఒక్కొక్కటే రాల్చేశాయి. వారం తిరిగేసరికి నాలుగు ఆమడల పొడవునా కట్టెపుల్లలు నాటినట్టు కనిపించాయి.

రాజు గుర్రం మీద వచ్చి చూశాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

"చచ్చిన చెట్లు, ప్రభూ" అన్నాడు మకరందుడు. "నరికించండి. అటు కూడా నా మొక్కలే నాటిస్తాను."

రాజు కట్టెలు కొట్టేవాళ్లకు సైగ చేశాడు. వాళ్లు గొడ్డళ్లు ఎత్తారు.

పైడమ్మ పరుగున వచ్చి మొదటి చెట్టుకు అడ్డంగా నిలబడింది. "ఆగండి బాబూ! ప్రభూ, ఒక్కసారి గుర్రం దిగి రండి."

రాజు దిగాడు. పైడమ్మ బొటనవేలి గోటితో బెరడు గీకింది. లోపల తడితడిగా, పచ్చగా మెరిసింది.

"ప్రాణముంటే మరి ఆకులేవమ్మా?" అన్నాడు రాజు.

"ఇంట్లో ఒక్క బిందెడు నీళ్లే మిగిలితే ఇల్లాలు ఏం చేస్తుంది ప్రభూ? వాకిట కళ్లాపి మానేస్తుంది, పిల్లల గొంతుకు దాస్తుంది. చెట్టూ అంతే. నీళ్లు ఆకుల్లోంచే ఆవిరై పోతాయి. అందుకని ఆకులు వదులుకుని, తడిని వేళ్లలో, మానులో దాచుకుంది. అది చావలేదు. ఓర్చుకుంటోంది."

"ఎన్నాళ్లు?"

"ఇరవై రోజులు గడువివ్వండి. కానుగ వానకు ముందే, దాచుకున్న తడితోనే చిగురు వేస్తుంది. అప్పటికీ చిగురు వేయకపోతే మొదటి గొడ్డలి నా చేతికే ఇవ్వండి. నేనే నరుకుతాను."

రాజు సరేనన్నాడు.

నాలుగోరోజున వాగు అడుగంటింది. పట్నంలో తాగడానికి నీళ్లు కరువయ్యాయి. రాజు, "ముందు మనుషులు" అని, నలభై బళ్లనూ పట్నానికి మళ్లించాడు.

మకరందుడి చెట్లకు నీటి కోసం వెతుక్కోవడం తెలియదు. వాటి వేళ్లు పైమట్టిలోనే ఉండిపోయాయి. ఆకులు రాల్చుకోవడానికి కూడా వాటికి వ్యవధి చిక్కలేదు. పది రోజుల్లో ఆకులు కొమ్మల మీదే మాడిపోయాయి. మకరందుడు ఒక చెట్టు బెరడు గీకాడు. లోపల పొడిపొడిగా గోధుమరంగు. రెండో చెట్టు గీకాడు. మూడోది గీకాడు. అక్కడే మట్టిలో కూలబడిపోయాడు.

కుడివైపు చెట్లలోనూ కదలిక లేదు. పదిహేను రోజులు గడిచాయి. పద్దెనిమిది గడిచాయి. పైడమ్మకు అన్నం సయించలేదు. పొద్దున లేచి దారి పొడవునా చెట్లను తడిమి చూస్తూ నడిచేది. ఆమెకు చెట్ల మీద నమ్మకం పోలేదు గానీ, గడువు తక్కువ అడిగానేమోనని రోజులు లెక్కపెట్టుకునేది.

ఇరవయ్యో రోజున రాజు వచ్చాడు. ఊరంతా వచ్చింది. ఒక భటుడు పైడమ్మ చేతికి గొడ్డలి ఇచ్చాడు.

ఆమె మొదటి చెట్టు దగ్గరికి నడిచింది. కొమ్మను దగ్గరికి వంచి చూసింది. చాలాసేపు చూసింది. గొడ్డలి ఆమె చేతిలోంచి జారి కింద పడింది.

"ప్రభూ!" అని అరిచింది. "చూడండి!"

కణుపు కణుపునా ఆవగింజంత రాగిరంగు మొగ్గ. పక్క చెట్టుకూ ఉంది. ఆ పక్క చెట్టుకూ ఉంది. జనం బాట పొడవునా పరుగులు తీస్తూ, "ఇక్కడా వేసింది! ఇక్కడా వేసింది!" అని కేకలు పెట్టారు. ఆ కేక చెట్టు నుంచి చెట్టుకు పాకుతూ చలికొండ దాకా పోయింది. ఆకాశంలో ఇంకా ఒక్క మబ్బూ లేదు. వాన చుక్క పడకముందే కుడివైపంతా ఎర్రని చిగుళ్లు తొడిగింది.

రాజు పైడమ్మకు చేతులు జోడించాడు. "అమ్మా, నేను చెట్లను పైనుంచి చూశాను. నువ్వు లోపలినుంచి చూశావు" అన్నాడు. రాజ్యంలోని తోటలన్నిటికీ ఆమెనే పెద్దను చేశాడు.

మకరందుడు తలవంచుకుని వచ్చి, చలికాలం నాటి గుట్టు కూడా రాజు ఎదుటే ఒప్పుకున్నాడు. "నాకు నేర్పుతావా, పైడమ్మా?" అని అడిగాడు.

"రండి అన్నగారూ. ఎడమవైపు ఇంకా ఖాళీగానే ఉంది" అంది ఆమె.

ఇద్దరూ కలిసి గింజలు నాటారు. ఏడేళ్లు తిరిగేసరికి రెండు వైపుల కొమ్మలూ బాట మీద కలుసుకున్నాయి. మండువేసవి మిట్టమధ్యాహ్నం ఉప్పు మోసేవాళ్లు ఆ నీడన పాటలు పాడుకుంటూ నడిచారు. ఆ బాట మీద మళ్లీ ఎవరూ వడదెబ్బకు పడిపోలేదు.

కాబట్టి పిల్లలూ, చిన్న కష్టాలకు అలవాటుపడి, పెద్ద కష్టంలో కొంత వదులుకుని ఓర్చుకున్నవాళ్లే చివరికి గెలిచి నిలుస్తారు.