అచ్చన్న కండువా

వెనకటికి ఒక సంస్థానంలో దివాను కట్టడి చేశాడు. కచేరీలో చిన్న గుమాస్తా ఎవడైనా భుజాన తెల్ల కండువా లేకుండా కనిపిస్తే కొలువు ఊడినట్టే.

ముసురు పట్టిన ఒకనాడు గుమాస్తా అచ్చన్న ఒట్టి భుజాలతో దొరికిపోయాడు. ఇంట్లో ఆరుగురు అతని కొలువు మీదే బతుకుతున్నారు.

"కండువా ఏదయ్యా?" అన్నాడు దివాను.

"ఇక్కడే ఉందండి. కప్పు కారుతుంటే దస్త్రానికి చుట్టాను. గుడ్డలు ఇప్పించమని మూడుసార్లు అడిగినా తమరు ఇప్పించలేదు."

"ఏ దస్త్రం?"

"తమరి ఈనాం భూములదండి. విప్పి కప్పుకోమంటారా?"

దివాను గతుక్కుమన్నాడు. "వద్దు, ఉండనీ."

"రైతుల పట్టాలు ఇంకా తడుస్తున్నాయండి. నాకున్నది ఆ ఒక్క కండువాయే." అచ్చన్న తల వంచుకునే చెప్పాడు.

దివాను తన భుజం మీది పట్టుశాలువా తీసిచ్చాడు.

ఆ పూట కచేరీలో ఇద్దరు ఒట్టి భుజాలతో పనిచేశారు.